పాటల జబ్బు, పేరుకు వైద్యం: న్యూయార్క్ 101.1 ఎఫ్‌ఎం కేస్ స్టడీ

న్యూయార్క్‌లో 101.1 మెగాహెర్ట్జ్ మీద నడిచే డబ్ల్యూసీబీఎస్-ఎఫ్‌ఎం 1972 జులై 7న పాత హిట్ పాటల స్టేషన్‌గా మారింది. అమెరికన్ రేడియోలో ఆ ఫార్మాట్‌ను ఓల్డీస్ అంటారు. ముప్ఫై మూడేళ్ల తర్వాత, 2005 జూన్ 3 శుక్రవారం సాయంత్రం ఐదింటికి యాజమాన్యం దాన్ని ఆపేసి అదే ఫ్రీక్వెన్సీ మీద, దశకాలన్నీ కలిపి పాటలు వేసే జాక్ ఎఫ్‌ఎం మొదలుపెట్టింది. ఆర్జేలను తీసేశారు. వాళ్ల బదులు ముందే రికార్డు చేసిన ఒక గొంతు, పాటకూ పాటకూ మధ్య చిన్న వ్యాఖ్యలు. పాత పాటల్ని స్టేషన్ వెబ్‌సైట్ స్ట్రీమ్‌కు తరలించారు. రేడియోలో శ్రోతలు బాగా తగ్గారు. 2007 జులై 12న జాక్‌ను తీసేసి పాత పేరు మళ్లీ పెట్టారు. పేరు తిరిగొచ్చింది గానీ 2005 నాటి పాటల జాబితా అలాగే తిరిగి రాలేదు. 1960, 70, 80 దశకాల పాటలతో లైబ్రరీ కట్టి, ఓల్డీస్ అన్న మాట పక్కనపెట్టి క్లాసిక్ హిట్స్ అన్నారు. తర్వాతి ఏళ్లలో ఈ స్టేషన్ న్యూయార్క్ రేటింగ్స్‌లో ముందు వరుసకు చేరింది.

ఈ కేసును శ్రోతల అభిమానం గెలిచిన కథగా చెప్పి వదిలేయడం మామూలు. అందులో నిజం సగమే. ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే ఊరు, ఒకే సంస్థ. మొదటిసారి పేరూ పాటలూ రెండూ ఎత్తేశారు. రెండోసారి జనానికి తెలిసిన పేరు కింద పాటల్ని ముందుకు జరిపారు. ఇంత దగ్గరి పోలిక రేడియోలో అరుదుగా దొరుకుతుంది. పాతబడింది పాటల జాబితా అయినప్పుడు పేరు జోలికి పోకూడదన్నది ఈ రైటప్ వాదన. జాబితా ఎందుకు పాతబడుతుంది, దాన్ని ఎలా లెక్కగట్టాలి, ఎలా సరిచేయాలి అన్నదానికే ఎక్కువ చోటు ఇచ్చాను. పేరు మార్చక తప్పని చోట చేయాల్సిన పని చివర్లో ఉంది.

పాతబడటం వెనుక వయసు లెక్క

మనిషికి గట్టిగా అతుక్కునే పాటలు ఎక్కువగా పద్నాలుగు నుంచి ఇరవై ఏళ్ల మధ్య విన్నవే. మ్యూజిక్ ప్రోగ్రామింగ్ మొత్తం దీని మీదే నిలబడి ఉంది. 1964లో 15 ఏళ్లున్న మనిషికి 1990లో 41. 2004 వచ్చేసరికి 55. అమెరికాలో ప్రకటనదారులు ఎక్కువగా కొనేది 25 నుంచి 54 ఏళ్ల శ్రోతల్ని. అంటే 1964 నాటి పాటను ప్రాణంగా వినే తరం సరిగ్గా 2004 ప్రాంతంలో అమ్ముడుపోయే వయసు గీత దాటేసింది. స్టేషన్ ఏ తప్పూ చేయకపోయినా ఏటా ఒక వయసు శ్రోతలు ఆ గీత దాటిపోతూనే ఉంటారు. అందుకే 1950ల పాటల్ని ఈ స్టేషన్ 2005కు ముందే తగ్గిస్తూ వచ్చింది. 2005 జనవరిలో మంకీస్ బృందానికి చెందిన మికీ డోలెంజ్‌ను ఉదయం షోకు తెచ్చారు. 1960ల తారను ముందు నిలబెట్టడం ఆ తరం శ్రోతల్ని సంతోషపెడుతుంది, కానీ గీతకు ఇవతల ఉన్నవాళ్లను రప్పించదు.

దీన్ని కొలవడానికి ఒక అంకె చాలు: లైబ్రరీ మధ్య సంవత్సరం. ప్రతి పాట విడుదలైన ఏడాదిని ఆ పాట గత నాలుగు వారాల్లో పడిన సార్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం ప్లేలతో భాగించాలి. పాటల సంఖ్యతో సగటు తీస్తే లెక్క తప్పుతుంది. లైబ్రరీలో సగం 1980ల పాటలున్నా అవి రాత్రి రెండింటికి మాత్రమే పడుతుంటే శ్రోత చెవికి స్టేషన్ 1960ల్లోనే ఉంటుంది. ఇక లక్ష్యంగా పెట్టుకున్న శ్రోత వయసు 45 అనుకుందాం. అతనికి 16 ఏళ్లున్న సంవత్సరం ఇప్పటికి 29 ఏళ్ల వెనక. 2005కు అది 1976, 2007కు 1978. 2007లో కట్టిన 60-70-80ల లైబ్రరీకి నడిమధ్య పడేది ఇంచుమించు అక్కడే. పాత పేరు కింద కొత్త జాబితా పనిచేయడానికి మొదటి కారణం ఈ అంకె.

జాక్ ఎందుకు నిలబడలేదు

జాక్ ఫార్మాట్‌నే తప్పుపట్టడం సరికాదు. అది 2002 డిసెంబరులో కెనడాలోని వాంకూవర్‌లో మొదలైంది. వెయ్యికి పైగా పాటలు, దశకాలూ శైలులూ కలగలిపి, మాకు నచ్చిందే వేస్తాం అన్న నినాదంతో నడిచింది. న్యూయార్క్ స్టేషన్ సొంతదారే 2005 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని 93.1, కేసీబీఎస్-ఎఫ్‌ఎం మీద కూడా ఇదే జాక్‌ను పెట్టారు. అక్కడ ఏళ్ల తరబడి నిలబడింది. అక్కడ తీసేసింది యారో అనే క్లాసిక్ రాక్ బ్రాండ్. న్యూయార్క్‌లో తీసేసింది మూడు దశాబ్దాల పేరును, దానితోపాటు ఊరికి పరిచయమైన గొంతులన్నిటినీ. ఆర్జేలు రేడియోలో వీడ్కోలు చెప్పుకునే అవకాశం కూడా లేకుండా జరిగింది. కొత్తగా తెచ్చిన ఫార్మాట్ రెండు చోట్లా ఒకటే, పారేసిన ఆస్తి విలువే వేరు.

దీనికి రేటింగ్ పద్ధతి కూడా తోడైంది. అప్పట్లో న్యూయార్క్‌లో ఆర్బిట్రాన్ సంస్థ డైరీలతో కొలిచేది. ఎంపికైన శ్రోత వారం పాటు తాను విన్నది ఒక చిన్న పుస్తకంలో చేత్తో రాయాలి. శబ్దంలో దాచిన సంకేతాన్ని పట్టుకునే పీపుల్ మీటర్ అక్కడ 2008లో గానీ రాలేదు. డైరీలో విన్నదానికంటే గుర్తున్నదానికి మార్కులు ఎక్కువ. వారం చివర కూర్చుని జ్ఞాపకం మీద నింపేవాళ్లు ఉంటారు, వాళ్ల చేతికి ముందుగా వచ్చేది మనసులో నాటుకున్న పేరే. ముప్ఫై మూడేళ్ల పేరు తీసేస్తే ఆ జ్ఞాపకం మొత్తం ఒక్క సాయంత్రంలో సున్నా అవుతుంది. కొత్త పేరు ఆ స్థాయికి రావడానికి ఏళ్ల ప్రచారం కావాలి. డైరీ పద్ధతి ఉన్న మార్కెట్‌లో పేరు మార్చే ముందు ఈ నష్టాన్ని లెక్కలో వేసుకోవాలి. కొత్త పేరు, నినాదం, ఫ్రీక్వెన్సీని శ్రోతలు పలికే రకరకాల రూపాలు అన్నిటినీ రేటింగ్ సంస్థ దగ్గర ముందే నమోదు చేయించాలి. ఇది మరిచిపోతే డైరీలో రాసినది కూడా మన ఖాతాలో పడకపోవచ్చు.

జబ్బు పాటల్లో ఉందా, పేరులో ఉందా

ఏ స్టేషన్‌లోనైనా ఈ ప్రశ్నకు జవాబు రెండు అంకెల్లో దొరుకుతుంది. క్యూమ్ అంటే వారంలో కనీసం ఒకసారైనా స్టేషన్ విన్న మనుషుల సంఖ్య. రెండోది వినికిడి సమయం, అంటే ఆ మనిషి వారంలో సగటున ఎంతసేపు విన్నాడన్నది. పావుగంట సగటు శ్రోతల్ని ఆ కాలంలోని పావుగంటల సంఖ్యతో గుణించి క్యూమ్‌తో భాగిస్తే అది వస్తుంది. ఉదయం 6 నుంచి అర్ధరాత్రి దాకా వారం మొత్తానికి 126 గంటలు, 504 పావుగంటలు. సగటు శ్రోతలు 10,000, క్యూమ్ 3,00,000 అనుకుంటే 10,000ను 504తో గుణించి 3,00,000తో భాగించాలి. వచ్చేది 16.8 పావుగంటలు, అంటే వారానికి 4.2 గంటలు.

క్యూమ్ నిలకడగా ఉండి వినికిడి సమయం పడిపోతుంటే జనం స్టేషన్‌కు వస్తున్నారు, ఉండలేకపోతున్నారు. జబ్బు పాటల్లోనో ప్రకటనల బరువులోనో ఉంది. అక్కడ పేరు మార్చడం వల్ల ఒరిగేది లేదు. క్యూమ్ పడిపోతూ, ఉన్నవాళ్లు మాత్రం ఎప్పటిలాగే చాలాసేపు వింటుంటే పేరు, ప్రచారం, సిగ్నల్ వైపు చూడాలి. రెండూ పడుతుంటే ముందు వయసుల వారీగా విడదీయాలి. 55 పైబడినవాళ్లలో బలంగా, 35-44లో బలహీనంగా ఉంటే అది మధ్య సంవత్సరం సమస్యే. ఒక్క రేటింగ్ కాలం చూసి తేల్చకూడదు. నమూనా చిన్నది కాబట్టి ఒక్కో కాలానికి అంకె ఊగుతుంది. కనీసం నాలుగు వరుస కాలాల సగటు తీసుకోవాలి.

ఎప్పుడూ అవే పాటలు అన్న ఫిర్యాదు

ఈ ఫిర్యాదు వినగానే లైబ్రరీలోకి ఇంకో మూడొందల పాటలు ఎక్కించడం అందరూ చేసే పని. చాలాసార్లు అది నష్టం చేస్తుంది. ఎందుకంటే కొత్తగా చేరేవన్నీ ఇప్పటికే ఉన్నవాటికంటే తక్కువమందికి తెలిసిన పాటలు. సగటు ఇష్టం పడిపోతుంది, శ్రోత మాత్రం అదే ఫిర్యాదు చేస్తాడు. తన చెవిన పడే తీరు మారలేదు కదా.

ఎలాగో చూద్దాం. లైబ్రరీని గంటకు ఎన్ని పడాలన్నదాన్ని బట్టి కేటగిరీలుగా విడదీస్తారు. ఒక కేటగిరీలో 48 పాటలు, గంటకు 2 పడతాయి. ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు. సోమవారం ఉదయం ఎనిమిదింటి గంటలో పడిన రెండు పాటలు మంగళవారం ఎనిమిదింటికీ పడతాయి, బుధవారం కూడా. రోజూ ఆ గంటే కారులో ప్రయాణించే శ్రోతకు ఆ కేటగిరీలో ఉన్నవి 48 కాదు, 2. నిన్న ఇదే గంటలో పడకూడదు అన్న రూల్ పెడితే సాఫ్ట్‌వేర్ ఆ పాటను పక్క గంటకు జరుపుతుంది. ఏడు నుంచి తొమ్మిది దాకా వినేవాడికి ఆ తేడా తెలియదు. 50 పాటలు చేసినా చుట్టు 25 గంటలు, రోజుకు ఒక గంటే జరుగుతుంది. అదే ఇబ్బంది. 72 పాటలైతే 36 గంటలు, చూడటానికి బాగానే ఉంటుంది. కానీ పాట 12 గంటలు జరిగి, ఒకసారి ఉదయం ఎనిమిదికీ ఒకసారి రాత్రి ఎనిమిదికీ పడుతూ మూడు రోజులకోసారి అదే ఉదయం తిరిగొస్తుంది.

62 పాటలైతే చుట్టు 31 గంటలు. ప్రతిసారి ఏడు గంటలు జరుగుతుంది. ఏడుకూ ఇరవై నాలుగుకూ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి పాట ఒక్కో గంటనూ తాకుతూ వెళ్లి 31 రోజులకు గానీ మొదటి గంటకు రాదు. చుట్టు గంటల్ని 24తో భాగిస్తే మిగిలేది 5, 7, 11, 13, 17, 19లో ఒకటి కావాలన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం. 1, 23 మిగిలినా ఉమ్మడి భాజకం ఉండదు గానీ పక్క గంటకే జరుగుతుంది కాబట్టి పనికిరావు.

ఇక్కడ ఒక మెలిక. ఉదయం షోలో మాట ఎక్కువ, పాటలు తక్కువ. ఆ నాలుగు గంటల్లో ఈ కేటగిరీ గంటకు ఒకటే పడితే రోజుకు ప్లేలు 48 కాదు, 44. అప్పుడు 62 పాటల చుట్టు 33.8 గంటలు అవుతుంది, 44 పాటలున్న కేటగిరీ నిశ్శబ్దంగా 24 గంటల ఉచ్చులో పడుతుంది. అందుకే గంటకు ఎన్ని అని కాకుండా క్లాకుల్లో (ఏ గంటలో ఏ కేటగిరీ పాట ఎక్కడ పడాలో చెప్పే పట్టికల్లో) నిజంగా రోజుకు ఎన్ని ప్లేలున్నాయో లెక్కపెట్టి భాగించాలి. శని, ఆదివారాల క్లాకులు వేరైతే వాటికి విడిగా.

క్లాసిక్ హిట్స్ తరహా స్టేషన్‌కు గంటకు 11 పాటలు అనుకుంటే పనికొచ్చే ఒక అమరిక ఇది:

- పవర్ (అతి ఎక్కువగా తిరిగొచ్చేవి): గంటకు 3, మొత్తం 93 పాటలు. చుట్టు 31 గంటలు, జరుగుడు 7.
- సెకండరీ: గంటకు 4, మొత్తం 220. చుట్టు 55, జరుగుడు 7.
- మూడో వరుస: గంటకు 3, మొత్తం 249. చుట్టు 83, జరుగుడు 11.
- అరుదైనవి: గంటకు 1, మొత్తం 125. చుట్టు 125, జరుగుడు 5.

మొత్తం 687. ఇవి కాక విశ్రాంతిలో ఉంచిన పాటలు ఇంకో వంద దాకా ఉండాలి. అంకెలు మీ క్లాకును బట్టి మారతాయి, లెక్క మారదు.

లాగ్‌లో దాక్కునే తప్పులు

చుట్టు లెక్క కాగితం మీద సరిగ్గా ఉన్నా లాగ్‌లో, అంటే రోజూ తయారయ్యే పాటల వరుసలో, అలా నడవకపోవచ్చు. నాలుగు వారాల ప్లే హిస్టరీ తీసి ప్రతి కేటగిరీలో ఎక్కువసార్లు పడిన పాటనూ తక్కువసార్లు పడిన పాటనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే కేటగిరీలో ఒక పాట 30 సార్లు, ఇంకొకటి 9 సార్లు పడి ఉంటే రూల్స్ బిగుసుకుపోయాయని అర్థం. షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ వరుసలో మొదటి పాట తీసుకుంటుంది, రూల్ అడ్డుపడితే తర్వాతి దానికి వెళ్తుంది. టెంపో, దశకం, మూడ్, స్వరం, శైలి అని ఒక్కో పాటకు అయిదారు కోడ్‌లు తగిలించి అన్నిటికీ కఠిన నిషేధాలు పెడితే, ఏ కోడ్‌కూ గట్టిగా చిక్కని మధ్యస్థపు పాటలే ప్రతిసారీ గట్టెక్కుతాయి. బలమైన వ్యక్తిత్వమున్న పాటలు వెనక్కి నెట్టబడుతూ ఉంటాయి. స్టేషన్ చప్పగా మారడానికి ఇదొక పెద్ద కారణం, అది ఏ రిపోర్టులోనూ ఎర్ర అక్షరాల్లో కనపడదు. ఎప్పటికీ మీరకూడని రూల్స్ మూడుకు మించకూడదు: ఆర్టిస్ట్ ఎడం, పాట ఎడం, నిన్నటి గంట. మిగతావన్నీ వీలైతే పాటించేవిగా ఉంచాలి.

ఆర్టిస్ట్ బరువు కూడా లెక్కకట్టాల్సిందే. పై అమరికలో ఒక గాయకుడికి పవర్‌లో 6, సెకండరీలో 10, మూడో వరుసలో 8 పాటలున్నాయనుకుందాం. గంటకు 6/31, 10/55, 8/83 కలిపితే 0.47. అంటే ఇంచుమించు రెండు గంటల ఏడు నిమిషాలకోసారి అదే గొంతు. పాటలు 24 వేర్వేరైనా శ్రోతకు అవే పాటల్లా వినపడతాయి. అలాంటి ఆర్టిస్ట్‌కు మూడు గంటల ఎడం పెడితే ఆ రూల్ గణితపరంగానే కుదరదు. లాగ్‌లో ఖాళీలు వస్తాయి, ఎవరో చేత్తో నింపుతారు, నింపే చేతికి ఎప్పుడూ అవే నాలుగు పాటలు తోస్తాయి. పాటలు తగ్గించడమే దారి. ఒక్కో పెద్ద ఆర్టిస్ట్‌కు పన్నెండు, పదమూడు దగ్గర ఆపి మిగతావి విశ్రాంతికి పంపి, మూడు నెలలకోసారి మార్చాలి.

ఇంకా ఎవరూ చూడని చోటు స్వీపర్లు. పాటల మధ్య స్టేషన్ పేరు పలికే ఆ చిన్న ముక్కలు గంటకు 10 చొప్పున పడుతూ మొత్తం 30 ఉంటే ప్రతి ముక్కా మూడు గంటలకోసారి తిరిగొస్తుంది. అతి ఎక్కువగా పడే పాట 31 గంటలకు వస్తుంటే స్వీపర్ మూడు గంటలకే వస్తోంది! శ్రోతకు విసుగు పుట్టించేది చాలాసార్లు ఇదే, అతను దానికి పాటల పేరు పెడతాడు. గంటకు ఆరుకు తగ్గించి 66 ముక్కలు రాయిస్తే చుట్టు 11 గంటలకు వెళుతుంది. లైబ్రరీలో ఒక్క పాట కూడా మార్చకుండా వారంలో చేయగల పని ఇది. అందుకే మొదట ఇదే చేయాలి.

పరీక్ష: ఏ పాట అలిసిపోయింది

లెక్కలన్నీ సరిచేశాకే పరీక్షకు వెళ్లాలి. లేకపోతే చుట్టు లెక్కలో తప్పుకు పాటను శిక్షించినట్టవుతుంది. గోల్డ్ లైబ్రరీకి, అంటే పాత హిట్ల లైబ్రరీకి, వాడే పద్ధతిలో ఒక్కో పాట నుంచి గుర్తుపట్టేందుకు వీలైన 7 నుంచి 10 సెకన్ల హుక్ తీసి, 80 నుంచి 100 మందికి 600 దాకా వినిపిస్తారు. హుక్ కోరస్ నుంచే తీయాలని లేదు. వినగానే పాట తెలిసిపోయే ముక్క కావాలి, కొన్నిటికి అది మొదటి సంగీతమే. మనుషుల్లో సగం మన స్టేషన్‌నే మొదటి ఎంపికగా వినేవాళ్లు, సగం పోటీ స్టేషన్ వాళ్లు ఉండాలి. వయసు వెడల్పు పదేళ్లు మించితే ఫలితం ఎటూ కాని సగటు అవుతుంది. గుంపును రెండుగా చేసి రెండో గుంపుకు క్రమం తిప్పి వినిపించాలి. 400 హుక్‌లు దాటాక ఎవరికైనా అలసట వస్తుంది, ఆ భాగంలో పడిన పాటలకు అన్యాయంగా మార్కులు తగ్గుతాయి.

ప్రతి హుక్‌కు మూడు విషయాలు అడగాలి: తెలుసా, ఎంత ఇష్టం, విని విని విసుగొచ్చిందా. మూడోదాన్నే బర్న్ అంటారు. నూరుమందిలో 25 శాతం విసుగన్నారంటే నమూనా పొరపాటు అటూ ఇటూ 8.5 శాతం దాకా ఉంటుంది. యాభైమంది ఉపగుంపులో అయితే 12. కాబట్టి 25 వచ్చిన పాటకూ 30 వచ్చిన పాటకూ తేడా ఉందని చెప్పలేం. ర్యాంకుల వారీగా ఒకటి, రెండు అని పేర్చే అలవాటు మానేసి పాటల్ని గుంపులుగా విడదీయాలి. ఎక్కువ ఇష్టం, తక్కువ విసుగు ఉన్నవి పవర్‌లో ఉండాలి. ఎక్కువ ఇష్టం, ఎక్కువ విసుగు ఉన్నవాటిని ఆరు నెలలు పూర్తిగా విశ్రాంతికి పంపాలి. వీటిని తీసిపారేయడం పెద్ద పొరపాటు, ఇవే తిరిగొచ్చినప్పుడు స్టేషన్‌కు ప్రాణం పోస్తాయి. సగటు మధ్యస్థంగా ఉండి సగంమంది ప్రేమించి సగంమంది ద్వేషించే పాటలు అరుదైనవాటి వరుసకు వెళ్లాలి. సగటు ఒక్కటే చూస్తే ఇవి అందరికీ ఫర్వాలేదనిపించే పాటల్లా కనిపించి సెకండరీలోకి దూరతాయి.

2007లో చేసినది

ఆ ఏడాది స్టేషన్ సొంతదారైన సీబీఎస్ రేడియోకు అధిపతిగా తిరిగొచ్చిన డాన్ మేసన్ హయాంలో ఈ వాపసు జరిగింది. పేరు వచ్చింది, ఆర్జేలు వచ్చారు. 2005కు ముందు పరిచయమైన డాన్ టేలర్ ఉదయం షో చేపట్టారు. పరిచయమైన గొంతులు కొత్త జాబితాకు పూచీగా నిలబడ్డాయి. 1980ల పాట వింటున్నా ఇది మన స్టేషనే అన్న భరోసా ఆ గొంతు ఇస్తుంది. లైబ్రరీని ముందుకు జరిపేటప్పుడు మనుషుల్ని ఉంచాలి, మనుషుల్ని మార్చేటప్పుడు లైబ్రరీని కదపకూడదు. ఓల్డీస్ అన్న మాట వదిలేయడం కూడా తెలివైన పని. ఆ మాట 1950లు, 60లకు అతుక్కుపోయింది, కింద పాటలు మారినా శ్రోత అంచనా మారనివ్వదు. ఇది కూడా రీబ్రాండింగే, కాకపోతే వదలాల్సిన ఒక్క మాటనే వదిలారు.

పేరు మార్చక తప్పకపోతే

కొన్నిసార్లు తప్పదు. యాజమాన్యం మారి పేరు హక్కు పోవచ్చు, పేరే తప్పుడు అంచనా కలిగిస్తుండవచ్చు. అప్పుడు కూడా పాటల పని ముందు పూర్తిచేసి, కనీసం ఒక రేటింగ్ కాలం నడిపి, ఆ తర్వాత పేరు మార్చాలి. రెండూ ఒకే రోజు చేస్తే అంకెలు దేనివల్ల కదిలాయో ఎప్పటికీ తేలదు.

మార్పు రాత్రి తప్పులు ఎక్కువగా జరిగేది ఆటోమేషన్‌లో. పాత పేరు స్వీపర్ల ఫోల్డర్‌లో మాత్రమే ఉండదు. వారాంతాలకు ముందే రికార్డు చేసిన వాయిస్ ట్రాకుల్లో, ప్రకటనల చివరి మాటల్లో, ట్రాఫిక్ బులెటిన్ స్పాన్సర్ వాక్యంలో, ఫోన్ హోల్డ్ శబ్దంలో ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది సైలెన్స్ సెన్సర్ వెనక ఉన్న బ్యాకప్ ప్లేయర్. స్టూడియో నుంచి ఆడియో ఆగితే కొన్ని సెకన్లలో ట్రాన్స్‌మిటర్ దగ్గర అది తనంతట తాను మొదలవుతుంది. అందులో పాత జింగిల్ ఉంటే ఆరు నెలల తర్వాత ఒక అర్ధరాత్రి పాత పేరు గాల్లోకి వెళుతుంది. ఆ పెట్టెలోని ఫైళ్లను ట్రాన్స్‌మిటర్ గదికి వెళ్లి మార్చాలి, స్టూడియో ఆడియోను కావాలని ఆపి పరీక్షించాలి.

కారు రేడియో తెర మీద కనిపించే ఆర్‌డీఎస్ (ఎఫ్‌ఎం సిగ్నల్‌తో పాటు అక్షరాలు పంపే పద్ధతి) పేరుకు ఎనిమిది అక్షరాలే చోటు. కొత్త పేరు అందులో పట్టకపోతే లోగో గీయకముందే తేల్చుకోవాలి. పేరును ముక్కలుగా పరుగెత్తించడం డ్రైవర్ దృష్టి మరల్చుతుంది, కొన్ని సెట్లలో సగం పేరు అలాగే ప్రీసెట్‌లో నిలిచిపోతుంది. రేడియో టెక్స్ట్‌కు 64 అక్షరాలు. అమెరికాలో ఆర్‌డీఎస్ గుర్తింపు కోడ్‌ను కాల్ సైన్ (లైసెన్సులోని అధికారిక అక్షరాల పేరు) నుంచే లెక్కగడతారు కాబట్టి కాల్ సైన్ మారితే ఎన్‌కోడర్‌లో కోడ్ కూడా మార్చాలి. జాక్ కాలంలో కూడా 101.1 కాల్ సైన్ డబ్ల్యూసీబీఎస్-ఎఫ్‌ఎంగానే ఉంది. అక్కడి నిబంధన ప్రకారం గంట మొదట్లో కాల్ సైన్, వెంటనే లైసెన్స్ ఉన్న ఊరి పేరు పలకాలి. ఆ ప్రకటనను కొత్త పేరుతో మళ్లీ రికార్డు చేసేటప్పుడు మధ్యలో నినాదం దూరిస్తే నిబంధన మీరినట్టే.

స్ట్రీమ్ వైపు ఇంకో పని ఉంది. రేడియో డైరెక్టరీ యాప్‌లలో, వాయిస్ స్పీకర్లలో పేరు మారడానికి రోజులు పడుతుంది. కొత్త పేరును పాత పేరుకు అదనంగా ముందే నమోదు చేసి, రెండు పేర్లతో అడిగినా అదే స్ట్రీమ్ వచ్చేలా కనీసం ఏడాది ఉంచాలి. స్ట్రీమ్ చిరునామా మాత్రం మార్చకూడదు. ఇంటర్నెట్ రేడియో సెట్లలో దాచుకున్న ప్రీసెట్‌లు ఒక్కసారిగా మూగబోతాయి, ఆ శ్రోతలు ఫిర్యాదు కూడా చేయరు.

మార్పు తర్వాత

మొదటి మూడు నెలలు లైబ్రరీ సంఖ్యల్ని కదపకూడదు. ఫోన్ ఫిర్యాదులు మొదటి రెండు వారాల్లో ఎక్కువగా వస్తాయి, వాటిని రాసిపెట్టుకోవాలి గానీ వాటిని చూసి పాటలు మార్చకూడదు. నాలుగో వారంలో ప్లే హిస్టరీ తీసి కేటగిరీల్లో ఎక్కువ, తక్కువ తేడా చూడాలి. మూడో నెల చివర క్యూమ్‌నూ వినికిడి సమయాన్నీ విడివిడిగా చూడాలి. పాటల పని ఫలించిందా అన్నది ముందు వినికిడి సమయంలోనే కనపడుతుంది, క్యూమ్ కదలడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

ఆ తర్వాత ఏటా మధ్య సంవత్సరాన్ని ఒక ఏడాది ముందుకు నెట్టాలి. 687 పాటల లైబ్రరీలో సగటున 1966కు చెందిన 35 పాటలు తీసి 1986కు చెందిన 35 పెడితే, అన్నీ సమానంగా పడుతున్నాయనుకుంటే, మధ్య సంవత్సరం 35 సార్లు 20 భాగించు 687, అంటే ఏడాదికి కాస్త పైగా కదులుతుంది. నెలకు మూడు పాటలు. పవర్‌లోని పాట మూడో వరుస పాటకంటే 2.7 రెట్లు ఎక్కువ పడుతుంది కాబట్టి పవర్‌లో మార్పు చేసే నెలలో ఒక్క పాట మారిస్తే చాలు. 45 ఏళ్ల శ్రోత కోసం 2007లో 1978 దగ్గర ఉండాల్సిన ఆ అంకె 2024కు 1995కు చేరాలి.